పత్రి నాటి గుడ్డు, బతుకమ్మ నాటి రెక్క

వినాయక చవితి వస్తోందంటే నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పిల్లలు పత్రికి బయలుదేరతారు. చెలక గట్ల మీద జిల్లేడు, కంచెల్లో రేగు, గుడి దగ్గర మారేడు, పెరట్లో గన్నేరు. పూజకు చెప్పే ఇరవై ఒక్క రకాలూ ఒకే ఊళ్లో దొరకడం కష్టం, దొరికినవే తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఏ చెట్టు ఎక్కడుందో, దేన్ని తుంచితే పాలు కారతాయో, దేని ముల్లు గుచ్చుకుంటుందో పదేళ్లు నిండకముందే వాళ్లకు తెలిసిపోతుంది. సీతాకోకచిలుక జీవితచక్రం చెప్పాలనుకునే ఉపాధ్యాయుడికి ఇంతకన్నా మంచి మొదలు లేదు.

మన పాఠాల్లో ఈ చక్రం సాధారణంగా నాలుగు బొమ్మలు, నాలుగు బాణాలు. గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, సీతాకోకచిలుక. పిల్లలు గడగడా అప్పజెబుతారు. గుడ్డు కోసం ఏ చెట్టు దగ్గర వెతకాలో అడిగితే మాత్రం నోరు మెదపరు, ఎందుకంటే ఆ బొమ్మలో చెట్టే లేదు. చెట్టును కూడా చూపించినవాళ్లు పూర్వమే ఉన్నారు. జర్మనీలో పుట్టిన మరియా సిబిల్లా మెరియన్ పదమూడేళ్ల వయసులో, 1660లో, పట్టుపురుగులను పెంచి గమనించడం మొదలుపెట్టింది. పురుగులు బురదలోంచి వాటంతట అవే పుడతాయని చాలామంది నమ్మిన కాలమది. 1679లో ఆమె అచ్చువేసిన పుస్తకంలో పురుగు, దాని గూడు, దాని రెక్కల రూపం అన్నీ అది తినే మొక్కతో కలిపి ఒకే బొమ్మలో ఉంటాయి. మన బడులకు కావలసింది ఆ పద్ధతే. దానికి కావలసిన మొక్కల పరిచయం మన పిల్లలకు పండగే చేసిపెడుతోంది.

పత్రిలోని ఆకులనే చూడండి. జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక గుడ్డు పెడుతుంది. నారింజ రంగు రెక్కలు, నల్లటి అంచు, ఆ నలుపులో తెల్ల చుక్కలు దాని గుర్తు. గన్నేరు మీద కామన్ క్రో పెరుగుతుంది, దాని ప్యూపా వెండిలా మెరుస్తుంది. మారేడు మీద నిమ్మ సీతాకోకచిలుక కనిపిస్తుంది, రేగు ఆకుల్లో చిన్న చిన్న పియరోలు ఉంటాయి.

పెంచడానికి అన్నిట్లోకీ జిల్లేడే తేలిక. లేత ఆకులను ఒక్కొక్కటిగా తిప్పి అడుగున చూడాలి. గసగసాల గింజంత తెల్లటి గుడ్డు ఒంటిగా అతుక్కుని ఉంటుంది. ఆకును పెద్దవాళ్లే తుంచాలి, జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. పిల్లలు ముట్టుకుంటే వెంటనే సబ్బుతో చేతులు కడిగించాలి. వెడల్పు మూతి ఉన్న డబ్బా, పైన దోమతెర ముక్క, లోపల ఏటవాలుగా ఒక పుల్ల, అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

మూడు నాలుగు రోజుల్లో పురుగు బయటికొచ్చి మొదట తన గుడ్డు పెంకునే తింటుంది. రోజూ తాజా ఆకు పెట్టాలి, తడి లేకుండా తుడిచి పెట్టాలి. రెట్ట రోజూ దులిపెయ్యాలి, లేదంటే బూజు పట్టి పురుగు చచ్చిపోతుంది. వేళ్లతో పట్టి లాగకూడదు, పాత ఆకు ముక్కతో సహా కొత్త ఆకు మీద పెడితే అదే పాక్కుంటూ పోతుంది. నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. విడిచే ముందు మేత మాని, కదలకుండా పడి ఉంటుంది. చచ్చిందనుకుని పిల్లలు పారెయ్యబోయేది అప్పుడే, ఆగమని చెప్పాల్సిందీ అప్పుడే. నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో వేలెడు పురుగయ్యాక పుల్లెక్కి, తలకిందులుగా వేలాడి, ఆఖరి తోలు వదిలి ప్యూపా అవుతుంది. బయటికొచ్చే ముందురోజు ప్యూపా గోడలోంచి నారింజ రెక్క కనిపిస్తుంది. బయటపడ్డాక ఒంట్లోని ద్రవాన్ని ముడతల రెక్కల్లోకి పంపి విప్పుకుంటుంది. జాలిపడి ప్యూపాను గిల్లి సాయం చేస్తే రెక్కలు సరిగా విచ్చుకోకపోవచ్చు. ఒక్కోసారి సీతాకోకచిలుక రాదు, పురుగు ఒంట్లో పెరిగిన ఈగలు వస్తాయి. అది కూడా పాఠమే, పిల్లల కంట పడకుండా దాచొద్దు.

గుడ్డు నుంచి రెక్కల దాకా ఇదంతా మూడు నాలుగు వారాల పని, ఎండా చలీ బట్టి కాస్త అటూ ఇటూ. భాద్రపద శుద్ధ చవితి నుంచి ఎంగిలిపూల బతుకమ్మ జరిగే అమావాస్యకు కూడా దాదాపు అంతే. పత్రికి వెళ్లిన రోజు దొరికిన గుడ్డు, పిల్లలు తంగేడు కోసం చెలకలు తిరిగే నాటికి ఎగురుతుంది. రెండు పండగల మధ్య ఈ గడువు బడికి దొరికిన వరం అనిపిస్తుంది నాకు.

ఇక్కడి పిల్లలకు ఇంకో చిక్కుంది. వాళ్లు రైతుబిడ్డలు. ఆముదం ఈ మెట్టనేలల పాత పంట. ఆముదం వేసే ఇంట్లో పురుగంటే దాసరి పురుగు. విరుచుకుపడితే ఈనెలు తప్ప ఆకు మిగలదు, నాయన మందు కొట్టక తప్పదు. అలాంటి పిల్లవాడికి గొంగళిపురుగును ప్రేమించమని ఊరికే చెబితే వినడు, వినకపోవడం న్యాయమే. అతన్ని ఆముదం చేనుకే తీసుకెళ్లాలి. దాసరి పురుగు పెరిగితే రాత్రి తిరిగే రెక్కల పురుగవుతుంది. అదే ఆకు మీద ముళ్ల పురుగుగా పెరిగేది క్యాస్టర్ సీతాకోకచిలుక. అదే ఆకు మేపితే ఎరి పట్టుపురుగు గూడు కడుతుంది. ఆ గూటికి ఒక కొస తెరిచి ఉంటుంది కాబట్టి రెక్కల పురుగు వెళ్లిపోయాకే నూలు వడకవచ్చు. పోచంపల్లి మగ్గాల మీది మల్బరీ పట్టుకు అలా కాదు, దారం తెగకుండా తీయడానికి పురుగు లోపల ఉండగానే గూడు ఉడకబెడతారు. ఏది పంటను తింటుంది, ఏది గట్టు మీది జిల్లేడును తింటుంది, ఏది మనకు బట్టనిస్తుందన్నది పిల్లవాడే విడదీసి చెప్పగలగాలి.

బతుకమ్మ నాటికి తంగేడు విరగబూసి ఉంటుంది. ఆకుల మధ్య లేత ఆకుపచ్చ పురుగులు దాక్కుని ఉంటాయి, ఎమిగ్రెంట్ జాతి సీతాకోకచిలుకలవి అవి. ఆకులో కలిసిపోయే రంగు కావడంతో జిల్లేడు పురుగంత తేలిగ్గా కనపడవు. అప్పటికి ఒక గుడ్డును పెంచి చూసిన పిల్లలైతే అడగకుండానే వెతుకుతారు. కొమ్మలు విరిచి తేకుండా పువ్వు వరకే తుంచమని వాళ్లకు చెబితే సరిపోతుంది. పురుగున్న కొమ్మను కంచెలోనే వదిలేసి, ఈసారి తంగేడు చెట్టు దగ్గరికే రోజూ వెళ్లి చూడమనాలి.