పిల్ల నిలిస్తేనే పెరటి కోడి

కోళ్ల పెంపకం అనగానే ఇప్పుడు ఎవరికైనా గుర్తొచ్చేవి పొడవాటి షెడ్లు, వాటి నిండా తెల్లకోళ్లు, మేత మోసుకొచ్చే లారీలు. పెరట్లో నాలుగు పెట్టలు, ఒక పుంజు తిరిగే పద్ధతి పాతబడిందనీ, పండక్కి నాటుకోడి పులుసు కోసం తప్ప దానితో పనిలేదనీ చాలామంది అనుకుంటారు. లెక్కలు మాత్రం ఆ మాట చెప్పడం లేదు. 2019లో జరిగిన ఇరవయ్యో పశుగణన ప్రకారం దేశంలోని సుమారు 85 కోట్ల కోళ్లు, బాతుల వంటి పెంపుడు పక్షుల్లో దాదాపు 32 కోట్లు పెరటివే. 2012 గణనతో పోలిస్తే ఫారాల్లోని పక్షులు నాలుగున్నర శాతం పెరగగా, పెరటివి 45 శాతానికి పైగా పెరిగాయి. అంటే పెరటి కోడి ఎక్కడికీ పోలేదు. మనం మరిచిపోయిందల్లా దాన్ని కొలిచే తీరే. ‘ఏడాదికి ఎన్ని గుడ్లు పెడుతుంది?’ అన్నది ఫారం వేసే ప్రశ్న. పెరట్లో అడగాల్సింది ‘పొదిగిన పిల్లల్లో మూణ్నెల్లు దాటి ఎన్ని నిలిచాయి?’ అని. నాటుకోడి పెంపకంలోని మెలకువలన్నీ ఈ రెండో ప్రశ్న చుట్టూనే అల్లుకుని ఉన్నాయి. దాన్ని బాగుచేయాలనుకునే ప్రయత్నం కూడా అక్కడి నుంచే మొదలుకావాలి.

గుడ్ల లెక్కే చూస్తే నాటుపెట్ట ఓడిపోతుంది. ఫారం కోడి ఏడాదికి మూడు వందల గుడ్లు పెట్టేచోట నాటుపెట్ట యాభై అరవై దగ్గర ఆగుతుంది. ఆరు వారాల్లో రెండు కిలోలకు చేరే బ్రాయిలర్ ముందు, కిలోన్నర తూగడానికి అయిదారు నెలలు తీసుకునే నాటుకోడి ఎందుకూ కొరగానిదిగా కనిపిస్తుంది. కానీ ఫారం కోడి చేసేది ఒకటే పని. గుడ్లు పొదగడానికి యంత్రం కావాలి, పిల్లలకు వెచ్చదనమివ్వడానికి కరెంటు బల్బులు కావాలి, కడుపు నింపడానికి కొన్న మేత కావాలి, కనిపెట్టి ఉండడానికి మనిషి కావాలి. నాటుపెట్ట ఈ పనులన్నీ తానే చేస్తుంది. పన్నెండు, పదిహేను గుడ్లు పెట్టాక దాని ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరుగుతుంది, గుడ్లు ఆగిపోతాయి, పెట్ట పొదుగుకి కూర్చుంటుంది. ఇరవై ఒక్క రోజులు పొదిగి, ఆపైన రెండు మూడు నెలలు పిల్లల్ని వెంటేసుకుని తిప్పుతుంది. గుడ్లు తక్కువ కావడానికి కారణం ఈ కాలమంతా పెట్ట తల్లి పనిలో ఉండడమే. దాన్ని లోపంగా రాసుకుంటే, ఆ తల్లి పని విలువను సున్నాగా లెక్కకట్టినట్టే.

ఈ పని సవ్యంగా సాగడానికి ఇంటి ఇల్లాలు చేసే ఏర్పాట్లు చూస్తే, ఇది ‘వదిలేస్తే అవే పెరుగుతాయి’ అన్నంత తేలిక వ్యవహారం కాదని తెలుస్తుంది. మొదటిది పెట్ట ఎంపిక. గుడ్లు బాగా పెట్టినా గుడ్ల మీద నిలకడగా కూర్చోని పెట్టకు పొదుగు అప్పగించరు. నిరుడు పిల్లల్ని గద్దకు వదలకుండా సాకిన పెట్ట ఏదో ఇంట్లో అందరికీ తెలుసు. ఆ తర్వాత గుడ్లు. మరీ పెద్దవి, మరీ చిన్నవి, పెంకు పలచనివి, నెర్రెలు వాసినవి కూరకు పోతాయి. తాజావే పొదుగుకి పనికొస్తాయి. ఎండాకాలంలో వారం దాటిన గుడ్డును నమ్మరు. అప్పటిదాకా వాటిని బియ్యంలోనో తవుడులోనో చల్లని మూలన దాస్తారు. వెడల్పాటి గంపలో ఇసుకో బూడిదో పరిచి, పైన ఎండుగడ్డి సర్ది, పెట్ట పొట్ట కింద పట్టేటన్ని గుడ్లే, అంటే పది పన్నెండు, పెడతారు. బూడిద ఊరికే వేసేది కాదు. కదలకుండా కూర్చున్న పెట్టను పీల్చే పేలనూ నల్లులనూ అది అదుపులో ఉంచుతుంది. కొందరు గుడ్ల పక్కన ఉరుముల భయానికి ఇనుప ముక్క కూడా పెడతారు. దానివల్ల ఒరిగేదేమీ లేకపోయినా చేటు లేదు. గుడ్ల పెంకు మీద బొగ్గుతో గీసే గీత మాత్రం చాలా అవసరం. వేరే పెట్ట వచ్చి అదే గంపలో గుడ్డు పెట్టిపోతే, గీత లేని ఆ కొత్త గుడ్డును అదే రోజు తీసేయొచ్చు. లేదంటే ముందు పెట్టినవి పిల్లలయ్యే రోజుకు అది సగంలో ఉండి మురిగిపోతుంది.

వారం గడిచాక చీకటి గదిలో గుడ్డును దీపానికి అడ్డంగా పట్టి చూస్తారు. లోపల సాలెగూడులా ఎర్రటి నరాలు పాకి ఉంటే పిల్ల కడుతోందని అర్థం, తేటగా ఉంటే అది వట్టి గుడ్డు. వట్టివి తీసేస్తే మిగిలిన వాటికి పెట్ట వేడి సమంగా అందుతుంది. పొదిగే పెట్ట రోజుకు ఒక్కసారి లేచి, గింజ తిని, నీళ్లు తాగి, రెట్ట వేసి, మట్టిలో పొర్లి గుడ్లు చల్లారేలోగా తిరిగొస్తుంది. ఆ కాసేపట్లో మేతా నీరూ గంప దగ్గరే దొరికేలా చూడటం ఇంటివాళ్ల పని. ఇరవై ఒకటో రోజున పిల్లలు పెంకు పగలగొట్టుకుని వస్తాయి. తొలి పిల్ల కిచకిచలాడినా పెట్ట వెంటనే గంప దిగదు, మిగతా గుడ్ల కోసం ఆగుతుంది. పుట్టిన పిల్ల పొట్టలో పచ్చసొన మిగిలే ఉంటుంది కనుక ఒకటి రెండు రోజులు తిండి లేకపోయినా దానికి ప్రమాదం లేదు. ఈ సంగతి తెలిసినవాళ్లు కంగారుపడి పెట్టను లేపరు.

అసలు గండం ఆ తర్వాతే. గద్ద, కాకి, పిల్లి, ముంగిస, పాము, వాన, చలి, వీటన్నిటికీ చిక్కేది మొదటి నాలుగు వారాల పిల్లే. అందుకే ఆ రోజుల్లో తల్లినీ పిల్లల్నీ గంప కింద కమ్మి ఉంచడం, పూట పూటకీ కాసేపే బయటికి వదలడం ఆచారం. నీళ్లు లోతులేని మూకుట్లో పోసి రెండు గులకరాళ్లు వేస్తారు, పిల్ల అందులో పడి తడిసిపోకుండా. గంప కన్నాలు పిల్ల దూరేంత ఉండి పెద్దకోడి దూరలేనంత ఉంటే, లోపల చల్లిన నూకలు పిల్లలకే దక్కుతాయి. పెరిగే పిల్లకు గింజ ఒక్కటే చాలదు, మాంసకృత్తులు కావాలి. దానికి చెదలను మించిన మేత లేదు. పగిలిన కుండలో ఎండుపేడ, గడ్డి కుక్కి తడిపి, చెదపుట్ట పక్కన రాత్రి బోర్లిస్తే తెల్లారేసరికి గడ్డి నిండా చెదలు పట్టి ఉంటాయి. ఆ కుండను పిల్లల ముందు దులిపితే చాలు. పైసా ఖర్చు లేకుండా దొరికే ఈ మేతను కొన్నవాటితో సమానంగా నిలబెట్టేది, అది ఎక్కడ ఎప్పుడు దొరుకుతుందో తెలిసిన తెలివే.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూడొచ్చు. ఒక పెట్ట పన్నెండు గుడ్లు పొదిగి పది పిల్లల్ని చేసిందనుకుందాం. వదిలేసిన పెరట్లో వాటిలో మూడు నిలిస్తే, ఏడాదికి మూడు పొదుగుల్లో చేతికొచ్చేవి తొమ్మిది కోళ్లు. గంప, మేత, టీకా సరిగ్గా అందించి ఏడు నిలిపితే అవే మూడు పొదుగుల్లో ఇరవై ఒకటి. పెట్ట అదే, గుడ్లూ అవే, రాబడి రెండింతలకు మించింది. అదే మూడు పిల్లలే నిలిచే పెరట్లో గుడ్లు పెట్టే శక్తిని ఒకటిన్నర రెట్లు చేసినా పదమూడు పద్నాలుగు దాటవు. నేర్పరులైన ఇల్లాళ్లు ఇంకో ఉపాయం చేస్తారు. రెండు పెట్టల్ని ఒకే రోజున పొదగేసి, పిల్లలయ్యాక రాత్రిపూట చీకట్లో అన్నిటినీ ఒకే తల్లి కిందకు చేరుస్తారు. పొద్దున లేచేసరికి ఆ తల్లి అన్నీ తనవే అనుకుంటుంది. రెండో పెట్ట పిల్లల పెంపకం లేకుండా త్వరగా మళ్లీ గుడ్లకొస్తుంది. ఏ కొత్త జాతినీ తేకుండానే ఏడాదికి ఒక పొదుగు కలిసొచ్చే మార్గమిది.

మేలురకాలు ఉండగా ఈ తంటాలెందుకని అడగొచ్చు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ వంటి రకాలను తయారుచేసింది. రంగురంగుల ఈకలతో నాటుకోళ్లను పోలి ఉంటూ, ఏడాదికి నూరు గుడ్లు దాటి పెట్టే ఈ రకాల వల్ల ఎన్నో ఇళ్లలో పిల్లల కంచాల్లోకి గుడ్డు వచ్చింది. ఆ మేలును కాదనలేం. అయితే గుడ్ల కోసం ఎంచుకుంటూ పోయిన ఈ రకాలు సాధారణంగా పొదగవు. పిల్లల్ని ప్రతిసారీ బయటి నుంచి కొనాలి, మొదటి వారాల్లో తల్లి ఇచ్చే వెచ్చదనాన్ని బల్బుతో ఇవ్వాలి. సరఫరా ఆగిన ఏడాది ఆ పెరడు ఖాళీ అవుతుంది. వాటి పుంజులు ఊళ్లోని పెట్టలతో కలిస్తే, పొదిగే గుణం రానున్న తరాల్లో పలచబడే ప్రమాదమూ ఉంది. కాబట్టి గుడ్డు కావలసిన ఇంటికి మేలురకం సరైనదే. మాంసం కోసం, చేతిఖర్చు కోసం మందను తనంతట తాను నడిపించుకోవాలనుకునే ఇంటికి, అసీల్ వంటి మంచి తల్లి గుణమున్న జాతిని కాపాడుకోవడమే లాభం. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చొప్పున ఉంచి, ఒకటి రెండేళ్లకోసారి పొరుగూరి పుంజుతో మార్చుకుంటే రక్తం కలిసి మంద నీరసించకుండా ఉంటుంది.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ రోగం గురించి. నిజాయితీగా చెప్పాలంటే సంప్రదాయం ఓడిపోయింది ఇక్కడే. కొక్కెర తెగులు, అంటే రాణీఖేత్ వ్యాధి, వచ్చిందంటే మెడ వంకర తిరిగి, పచ్చగా పారి, మూడు నాలుగు రోజుల్లో మంద మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. పసుపు, వెల్లుల్లి ఎంత పెట్టినా దాన్ని ఆపలేవు. పైగా ఒక కోడి తూలడం చూడగానే మిగిలినవాటిని సంతకు తోలి అమ్మేయడం మన అలవాటు. ఆ సంతలోంచే తెగులు పది ఊళ్లకు పాకుతుంది. దీనికి మందు టీకా ఒక్కటే. ఏడో రోజున పిల్ల కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క లసోటా, రెండు నెలలు నిండాక రెక్క కింద ఆర్2బి సూది. ధర తక్కువే. చిక్కు సీసా పరిమాణంలో ఉంది. టీకా సీసాలు నూరు, అయిదు వందల మోతాదుల్లో వస్తాయి. కలిపాక ఒకటి రెండు గంటల్లో వాడేయాలి, అప్పటిదాకా మంచులో ఉంచాలి. పది కోళ్లున్న ఇల్లు ఒక్కటే దాన్ని కొనలేదు. ఆస్ట్రేలియాలో పల్లెకోళ్ల కోసమే రూపొందిన, వేడిని కొంత తట్టుకునే ఐ-2 టీకా టాంజానియా, మొజాంబిక్ వంటి దేశాల్లో ఊళ్లవారీగా వేసే పద్ధతికి ఆధారమైంది. అక్కడి పాఠం మనకూ వర్తిస్తుంది. పెరటి కోడికి టీకా ఇంటి పని కాదు, ఊరి పని.

బర్డ్ ఫ్లూ భయం కూడా ఉన్నదే. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో ఫారాల కోళ్లు వేలాదిగా చనిపోయినప్పుడు, ఆరుబయట తిరిగే కోళ్లే రోగాన్ని మోస్తాయన్న మాట మళ్లీ వినిపించింది. పెరటి కోడికి ఆ వైరస్ సోకదని ఎవరూ అనలేరు. చెరువుల దగ్గర బాతులతో, వలస పక్షులతో కలిసే మందకు ముప్పు నిజంగానే ఉంది. కానీ ఒకే కప్పు కింద వేల పక్షులు కిక్కిరిసిన చోట అంటుకునే వేగమూ, ఇరవై పక్షుల పెరట్లో దాని వేగమూ ఒకటి కావు. దీనికి జవాబు పెరటి పెంపకాన్ని మానేయడం కాదు, కొన్ని కట్టుబాట్లు పాటించడం. సంతలో కొన్న కోడిని రెండు వారాలు విడిగా కట్టేయాలి. రాత్రి గూడు మనుషులు పడుకునే గదికి ఎడంగా ఉండాలి. చచ్చిన కోడిని కోయకుండా సున్నం చల్లి లోతుగా పాతాలి. మందలో వరసగా చావులు కనిపిస్తే దాచకుండా పశువైద్యశాలకు కబురు పెట్టాలి.

ఇంత చిన్న పెంపకం వల్ల ఒరిగేదేమిటన్నది చివరి ప్రశ్న. సెంటు భూమి లేని ఇల్లు కూడా పెంచుకోగలిగిన జీవం కోడి. పెట్ట కొనే స్తోమత లేకపోతే, పక్కింటావిడ పెట్టను పాలుకి తెచ్చి పొదగేసి, పిల్లల్ని చెరిసగం పంచుకునే ఏర్పాటు ఉంది. గోదావరి ఏజెన్సీలో ఆదివాసీ మహిళలు అసీల్ కోళ్లను ఇలా వాటా మీద ఒకరికొకరు ఇచ్చుకుంటూ మందల్ని పెంచుకున్నారు. కోడి అమ్మిన డబ్బు చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతిలోనే ఉంటుంది. పుస్తకాలు, మందులు, చుట్టాల రాక, ఇవన్నీ ఎవరినీ అడగకుండా గడిచేది దానితోనే. మగవాళ్ల పందెం కోళ్లకు కుక్కుటశాస్త్రం ఉంది, డేగ, కాకి, నెమలి, పర్ల, సేతువ అని రంగురంగుకీ పేరు ఉంది. పెట్టను కూర్చోబెట్టి పిల్లను నిలిపే విద్యకు అంతటి గౌరవం ఎన్నడూ దక్కలేదు. ఆదివారం కూరలో రాయలసీమవారు సంగటితో, కోస్తావారు గారెలతో మెచ్చుకుంటూ తినే ఆ గట్టి కండ, చిక్కటి పులుసు ఆ విద్య ఫలమే.

అందుచేత పెరటి కోళ్లకు సాయం చేయాలనుకునే ప్రభుత్వమైనా సంఘమైనా, పిల్లల్ని పంచి చేతులు దులుపుకుంటే చాలదు. ఎండలు ముదరకముందు ఒక రోజు, వాడలోని కోళ్లన్నీ గూళ్లలో ఉండగానే తెల్లవారుజామున, మంచుపెట్టెతో టీకా అక్కడికి చేరాలి. ఆ పని చేయగల పశుసఖులు, అంటే పశువుల ఆరోగ్య సంరక్షణలో శిక్షణ పొందిన ఊరి మహిళలు, ఇప్పటికే చాలా ఊళ్లలో ఉన్నారు. వాళ్లకు టీకా వేళకు అందాలి, పడిన శ్రమకు కూలి అందాలి. పథకం ఫలితాన్ని పంచిన పిల్లల సంఖ్యతో కాకుండా, మూణ్నెల్ల తర్వాత బతికున్న పిల్లల సంఖ్యతో లెక్కించాలి. గంప, బూడిద, బొగ్గు గీత, చెదల కుండ ఎలా వాడాలో ఆ ఇళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. వాళ్ల చేతికి అందనిది టీకా ఒక్కటే. అది అందిస్తే మిగతాది ఆ ఇల్లాళ్లూ వాళ్ల పెట్టలూ చూసుకుంటాయి.