కలకు సన్నాహం, కలపై అధికారం

కల కంటున్నప్పుడే ‘ఇది కల’ అని గుర్తించడం అరుదైన అనుభవమే గాని కొత్తది కాదు. దాన్ని ఎవరైనా అభ్యాసంతో సాధించవచ్చుననే వాదం మాత్రం ఇటీవలిది. డచ్చి వైద్యుడు, రచయిత ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ 1913లో ‘లూసిడ్ డ్రీమ్’ అనే మాటను ఇంగ్లీషులో ప్రచారంలోకి తెచ్చాడు. తెలుగులో దాన్ని ‘ఎరుకగల కల’ అనవచ్చు. ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో 1975 ఏప్రిల్‌లో కీత్ హెర్న్ ఒక ప్రయోగం చేశాడు. నిద్రలో ఉన్న అలన్ వర్స్‌లీ ముందుగా అనుకున్న ప్రకారం కళ్లను అటూ ఇటూ కదిపి సంజ్ఞ చేయగా, యంత్రం దాన్ని నమోదు చేసింది. కలలు విరివిగా వచ్చే నిద్రలో శరీరం కదలదు, కళ్లు మాత్రం కదులుతాయి. అమెరికాలో స్టీఫెన్ లబెర్జ్ స్వతంత్రంగా ఇదే పని చేసి 1981లో ఫలితాలు ప్రకటించాడు. కనుక ఇటువంటి అనుభవం నిజంగా ఉన్నదా అనే చర్చకు ఇక తావు లేదు.

చర్చించవలసింది ఆ తరువాతి మాట. లబెర్జ్, హొవార్డ్ రైన్‌గోల్డ్ కలిసి 1990లో వెలువరించిన ‘ఎక్స్‌ప్లోరింగ్ ద వరల్డ్ ఆఫ్ లూసిడ్ డ్రీమింగ్’ నేటికీ ఈ విద్యకు పాఠ్యగ్రంథంగా చెలామణి అవుతున్నది. అందులోని పద్ధతి సులభంగానే కనిపిస్తుంది. కలలను రోజూ రాసుకోవాలి. పగలు అప్పుడప్పుడు ‘ఇది కలా, మెలకువా’ అని పరీక్షించుకోవాలి. కలలో ఒకసారి చదివిన అక్షరాలు మళ్లీ చూస్తే మారిపోతాయి గనుక, ఏదైనా రాతను రెండుసార్లు చదవడం ఒక పరీక్ష. తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు అప్పటి కలను తలచుకొని, ఈసారి కల వస్తే గుర్తించాలని గట్టిగా సంకల్పించి మళ్లీ నిద్రపోవాలి. ఇంతవరకు ఆక్షేపించవలసినది లేదు. రచయితలు చెప్పదలచినదాన్ని దాచకుండా, అంచెలంచెలుగా చెప్పారు.

చిక్కు వచ్చేది ఈ విద్యకు వెతికే పూర్వీకుల విషయంలో. ఈ కోవకు చెందిన పుస్తకాలలో ముర్సియాకు చెందిన షేఖ్ ఇబ్నుల్ అరబీ (1165–1240) పేరు తరచుగా కనిపిస్తుంది. కలలో ఆలోచనను అదుపులో పెట్టుకోవాలని ఆయన బోధించినట్లు రాస్తారు. ఆయన రచనలు అపారం. వాటిలో ఏ గ్రంథంలో, ఏ అధ్యాయంలో ఆ మాట ఉన్నదో చెప్పకుండా ఒకరి నుండి ఒకరు ఎత్తి రాయడం పాండిత్యం అనిపించుకోదు. ఒక్కొక్క ఉల్లేఖానికి పరంపర అడిగే సంప్రదాయం నుండి సాక్షిని పిలిచి, ఆ సాక్షి పరంపరను మాత్రం విస్మరించడం విచిత్రమే.

ఇంతకంటె గట్టి సాక్షి వేరే ఉన్నాడు. ఇబ్నె ఖల్దూన్ 1377లో రచించిన ‘ముఖద్దమ’ మొదటి అధ్యాయంలో, అగోచర విషయాల జ్ఞానాన్ని చర్చిస్తూ, ‘హాలూమ’ అనే ప్రక్రియను ప్రస్తావించాడు. మస్లమా మజ్రీతీ పేరుతో ప్రచారంలో ఉన్న ‘గాయతుల్ హకీమ్’లో చెప్పిన ప్రక్రియ అది. అంతరంగాన్ని శుభ్రపరచుకొని, నిద్రకు ఉపక్రమించే ముందు అరబీ కాని కొన్ని పదాలు ఉచ్చరించి, తెలుసుకోగోరిన విషయాన్ని మనసులో నిలుపుకోవాలి. జవాబు కలలో కనిపిస్తుందట. ఇబ్నె ఖల్దూన్ దీన్ని విని ఊరుకోలేదు. తానే ప్రయోగించి చూశాడు. తన విషయాలలో తెలుసుకోగోరినవి కొన్ని ఆశ్చర్యకరమైన కలల ద్వారా తెలిసినట్లు ఒప్పుకున్నాడు కూడా.

ఆ వెంటనే ఆయన గీసిన హద్దే ఇక్కడ ముఖ్యం. సంకల్పం కలను పుట్టిస్తుందనడానికి ఇది ఆధారం కాదు అంటాడు. ఆ పదాలు ఆత్మలో ఒక సన్నద్ధతను మాత్రమే కలిగిస్తాయి. సన్నద్ధత బలంగా ఉంటే ఫలితం దగ్గర పడవచ్చు. కాని సన్నాహం చేసుకునే శక్తి వేరు, సన్నాహం దేనికోసమో దానిపై అధికారం వేరు. తన ప్రయోగం ఫలించిన తరువాత కూడా ఈ తేడాను మరవని మనిషి ఇతడు. హాలూమ, ఎరుకగల కల ఒకటే అనడం పొరపాటు. మొదటిదానిలో అడిగేది జవాబు, రెండవదానిలో కోరేది మెలకువ. అయినా ఆ హద్దు రెండింటికీ చెందుతుంది.

ఇటీవలి లెక్కలే దీనికి నిదర్శనం. లబెర్జ్ బృందం 2018లో ప్రకటించిన పరిశోధనలో 121 మంది పాల్గొన్నారు. వీరంతా ఈ విద్యపై ఆసక్తి గలవారు, కలలు బాగా గుర్తుండేవారు. నడిరాత్రి దాటిన తరువాత లేపి, గెలాంటమిన్ అనే మందును 8 మిల్లీగ్రాముల మోతాదులో ఇచ్చి అభ్యాసం చేయించినప్పుడు 42 శాతం మందికి ఎరుకగల కల వచ్చింది. ఉత్తుత్తి మాత్రతో 14 శాతం మందికే. మూడురెట్లు పెరగడం చిన్న విషయం కాదు. కాని మందు, సాధన, ఆసక్తి మూడూ కలిసిన రాత్రి కూడా సగానికి పైగా జనం మామూలు నిద్రే పోయారు. 2021లో నాలుగు దేశాల పరిశోధకులు నిద్రిస్తున్న వారిని ప్రశ్నలడిగి, వారి కళ్ల కదలికల నుండి, ముఖ కండరాల నుండి జవాబులు రాబట్టారు. 158 ప్రయత్నాలలో సరియైన జవాబులు 18 శాతం. సుమారు 60 శాతానికి జవాబే లేదు.

1990 గ్రంథం ఎరుకగల కలను ‘నేర్చుకోదగిన నైపుణ్యం’గా వర్ణిస్తుంది. నేర్చుకోదగినది సన్నాహమే అని ఉంటే అభ్యంతరం ఉండేది కాదు.

జ్ఞాపకం విషయంలోనూ భేదం గమనించదగినది. నిజమైన కలకు ఇబ్నె ఖల్దూన్ రెండు గుర్తులు చెప్పాడు: చూసినవాడు చప్పున మేల్కొంటాడు, కల వివరాలన్నీ ఏ ప్రయత్నమూ లేకుండా మనసులో నిలిచిపోతాయి. ఆధునిక సాధకుడు దిండు పక్కన పుస్తకం, పెన్ను పెట్టుకుంటాడు. కల చెదరకుండా నిద్రలోనే నిలదొక్కుకోవాలని చూస్తాడు. హదీసులు కలలను మూడుగా విభజించాయి: అల్లాహ్ నుండి వచ్చే శుభవార్త, షైతాను కలిగించే భీతి, మనిషి తనతో తాను చెప్పుకునే మాట. నేర్చుకొని తెచ్చుకున్న కల మూడవ కోవలోనిదే కావాలి. దానిలో తప్పులేదు, శుభవార్త కూడా లేదు.

పీడకలలపై ఈ గ్రంథం రాసిన అధ్యాయం మాత్రం మెచ్చుకోదగినది. తరుముకొచ్చే దాన్ని ఎదురు తిరిగి చూడమంటుంది. దైవప్రవక్త (స) బోధించిన శరణు వేడుకోలు, పక్క మార్చి పడుకోవడం, ఎవరికీ చెప్పకపోవడం – ఇవన్నీ మేల్కొన్న తరువాత పాటించేవి. రెండింటికీ పోటీ లేదు.

ఇక మిగిలింది అసలు క్లిష్టమైన ప్రశ్న. మెలకువలో నెరవేరని కోరికలను, శృంగార వాంఛలతో సహా, పర్యవసానాల భయం లేకుండా కలలో తీర్చుకోవచ్చునని కూడా రచయితలు చెబుతారు. ముగ్గురిపై నుండి కలం ఎత్తివేయబడిందని, వారిలో ఒకడు మేల్కొనే వరకు నిద్రితుడని హదీసు తెలుపుతున్నది. ‘ఇది కల’ అని తెలిసి, ఎంచుకొని చేసేవాడు ఈ మినహాయింపులోకి వస్తాడా? హదీసు గడువును ఎరుకతో గాక మేల్కొనడంతో ముడిపెట్టింది గనుక, పైకి కనిపించే అర్థాన్ని బట్టి వస్తాడనే చెప్పాలి. కాని పడుకోబోయే ముందు, కళ్లు తెరిచి ఉండగా, అతడు చేసుకున్న సంకల్పం మెలకువలోనిది. దానిపై కలం ఎత్తబడలేదు.