నీటిబొట్టును మనుష్యుడును

ఆశ్రయమునుబట్టి గుణము గలుగునని చెప్పుటకు మన పెద్దలు తఱచుగా నుదాహరించునది భర్తృహరి చెప్పిన నీటిబొట్టు. ఎఱ్ఱగా గాలిన యినుముపై బడిన బొట్టు ఆవిరియై పోవును. తామరాకుపై నది చూడముచ్చటగా నుండును. ముత్యపుచిప్పలో జేరెనా, వెలలేని వస్తువగును. ఏనుగు లక్ష్మణకవి తెనుగుసేత వలన నీ భావము మన యిండ్లలోని బాలురకు సైతము పరిచితమైనది. ఇందలి సత్యమును కాదనువారు లేరు. కాని యీ యుపమానము మనుష్యుని విషయమున నెంతవఱకు చెల్లునో విమర్శించి చూచినవారు తక్కువ. దానిని వీధిలో బెట్టి పరీక్షింపవలెను. అందులకు హైదరాబాదు నగరమున విద్యానగర్, తార్నాక పేటలకంటె దగిన చోటు మఱియొకటి నాకు గనబడదు.

ఈ రెండు పేటల నడుమ ఉస్మానియా విశ్వవిద్యాలయ మున్నది. 1918లో స్థాపితమైన యీ సంస్థకు పిమ్మట అడిక్‌మెట్ ప్రాంతమున విశాలమైన యావరణ మేర్పడినది. ఆర్ట్స్ కళాశాల యొక్క రాతిభవనము 1939లో ప్రారంభింపబడెను. ప్రాతఃకాలమున నా భవనము నెదుట వ్యాహ్యాళికి వచ్చువారిని జూడుడు. చెట్లనీడను మెల్లగా నడచుచు, గొంతు తగ్గించి మాటలాడుచు, ఎదురువచ్చు వృద్ధులకు దారి యిచ్చుచుందురు. ఆ పెద్దమనుష్యులే గంట గడచిన పిమ్మట స్కూటరెక్కి తార్నాక కూడలిలో నిలిచినప్పుడు చూడుడు. హారను మ్రోత ఆగదు, ముందున్నవానిపై కేకలు, కాలినడకను దాటువానిపై కోపము. ఒక్క గంటలో వారి వంశము మాఱలేదు, చదువు మాఱలేదు. మాఱినది దారి యొక్కటే. అదే కూడలికి 2017లో మెట్రోరైలు వచ్చినది. బస్సు తలుపుకడ నొకరినొకరు త్రోసికొనువారు మెట్రో వేదికపై నేల మీది గీతకు లోబడి నిలుచుచున్నారు. వారికి నీతిశతకము నెవ్వరును చదివి వినిపింపలేదు. బండి వేళకు వచ్చునను నమ్మకమును, నిలుచుటకు చోటును కల్పించిరి, అంతియే.

స్కాట్లండు దేశీయుడగు ప్యాట్రిక్ గెడిస్ పండితుడు స్థలము, వృత్తి, జనము అను మూడును విడదీయరానివని బోధించెను. హైదరాబాదు ప్రభుత్వమునకు విశ్వవిద్యాలయ నిర్మాణమును గూర్చి సలహా యొసగినవాడును ఆయనయే. మన మట్లు గాక, జనమును వేఱుచేసి వారి గుణదోషములు మాత్రమే యెంచుచున్నాము. ఇందువలన వీధిలో గలుగు కీడు స్వల్పము. ఇంటిలో గలుగు కీడు అధికము.

విద్యానగర్‌లో నొక గృహస్థుని కుటుంబము నే నెఱుగుదును. రెండు గదుల యద్దె యిల్లు. ముందుగదిలో టెలివిజను, వెనుకగదిలో వంట. కుమారుడును కుమార్తెయు విశ్వవిద్యాలయమున జదువుచున్నారు. కుమారుడు రాత్రి యెనిమిదింటి దనుక గ్రంథాలయమున గూర్చుండి వచ్చును. కుమార్తె నాలుగింటికే యిల్లు చేరును. తండ్రి నాతో, "అబ్బాయికి శ్రద్ధ మెండండీ, అమ్మాయికి మొదటినుండియు చదువు మీద మనసు నిలువదు" అనెను. అప్పుడా బాలిక వంటగదిలో కూర తఱుగుచుండెను. ఆమె సమాధానము చెప్పలేదు. పిమ్మట నా భార్యతో మాత్రము, "చీకటిపడిన తరువాత ఆ దారిని ఒంటరిగా రావలెనన్న భయము, అత్తయ్యగారూ, వచ్చినను నిచట కూర్చుండుటకు చోటేది?" అన్నదట. ఒకే యావరణము, ఒకే గ్రంథాలయము; కాని యన్నకు ముత్యపుచిప్ప యైనది చెల్లెలికి గాలేదు. దారిలోని లోపమును, ఇంటిలోని లోపమును ఆమె స్వభావమున కంటగట్టి తండ్రి నిశ్చింతగా నున్నాడు. మనలో నిట్టి తండ్రు లెందఱు లేరు?

అయినచో మనుష్యుడు కేవలము నీటిబొట్టేనా? కాడనుటకు సాక్ష్యము నీ యావరణముననే యున్నది. 1938లో నిచటి వసతిగృహములందలి విద్యార్థులు వందేమాతర గీతము పాడగా నధికారులు నిషేధించిరి. విద్యార్థులు లోబడలేదు, చదువునకు దూరము చేయబడిరి. అది కాలిన యినుమే. అయినను వారు ఆవిరియై పోలేదు. పెక్కుమంది నాగపురము వెళ్లి అచటి విశ్వవిద్యాలయమున జేరి చదువు సాగించిరి. ఇంకొక విశేషము గమనింపుడు. తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతముల యువకుల నొక్కకప్పు క్రిందికి జేర్చినది ఆ వసతిగృహమే. వారి ధైర్యము వారిదే గాని, అది యొండొరుల ధైర్యముతో గూడి బలపడుటకు చోటిచ్చినది పరిసరము. నాగపురమున తలుపు తెఱచినవారు లేకున్న నా ధైర్యము ఫలించుటయు దుర్లభమే.

కావున భర్తృహరి యుపమానమున సగము సత్యమున్నది. మిగిలిన సగము మనము చేర్చుకొనవలెను. నీటిబొట్టు తాను పడు చోటు నెన్నుకొనలేదు, దానిని మార్చలేదు. మనుష్యుడు మార్చగలడు, తనకే గాక తన తరువాత వచ్చువారికిని మార్చగలడు. మార్చగలిగియు మార్చక, అందు బడిన బిడ్డను నిందించుట న్యాయము గాదు.

ఈ మాట నా గృహస్థునితో ననగా నాయన చాలసేపు మాటలాడలేదు. మఱునెలలో నే నచటికి బోవునప్పటికి టెలివిజను గోడమూలకు జరిగినది. కిటికీ ప్రక్క నొక చిన్నబల్ల యున్నది. కూర తఱుగుచున్నవాడు కుమారుడు. వీధిదీపమును గూర్చి యిరుగుపొరుగువారితో గూడి మునిసిపాలిటీకి అర్జీ వ్రాసినట్లు ఆయన చెప్పెను. దీపము వెలుగునో లేదో చూడవలసియున్నది. బాలిక మాత్రము పుస్తకమునుండి తలయెత్తలేదు.