ఇంట ఓడి రచ్చ గెలిచిన జట్టు

ఇంట గెలిచి రచ్చ గెలువవలెనని మన పెద్దల మాట. ఆ మాటకు నేరుగా ఎదురు నడిచి కిరీటము ధరించిన జట్టు ఒకటి తెలుగునాట పుట్టినది. అది డెక్కన్ చార్జర్స్. 2008లో సొంత మైదానమున ఆడిన ఏడు ఆటలలో ఒక్కటియైనను గెలువలేక, ఎనిమిది జట్లలో ఎనిమిదవదై నిలిచిన ఆ జట్టు, మరుసటి సంవత్సరమే సముద్రముల కావల దక్షిణాఫ్రికాలో ఇండియన్ ప్రీమియర్ లీగ్ విజేత అయినది. ఆ విజయమును గూర్చి పొగడ్తలు పెక్కు వెలువడినవి. విమర్శ మాత్రము అల్పము. ఒక కావ్యమును విమర్శించునట్లే ఒక జట్టు పోటీకాలమును గూడ విమర్శింపవచ్చునని మా నమ్మకము. అందు నాయకుడు కలడు, కథాగమనము కలదు, ఔచిత్యము, అనౌచిత్యము కలవు. అన్నింటికిని మించి, ఆ కథ ఎవరిది అను ప్రశ్న కలదు.

విమర్శకుడు తాను ఎచ్చట నిలిచి చూచుచున్నాడో ముందుగా చెప్పుట న్యాయము. మేము ధర్మపురిలో నిలిచి చూచుచున్నాము. ఇంట తెలుగు, వీధిలో తమిళము, సంతలో కొంత కన్నడము: ఇది మా వంటివారి దినచర్య. మా ఊరిని తాకిపోవు 44వ నంబరు జాతీయ రహదారి ఉత్తరముగా సాగి కృష్ణగిరి, బెంగుళూరు, అనంతపురము, కర్నూలు దాటి హైదరాబాదు చేరును. దారి ఒక్కటే, కాని ఆ దారిలో మాకు మొదట తగులు మహానగరము బెంగుళూరు. మా ప్రభుత్వముండునది చెన్నపట్టణమున. కావున 2009 మే 24న జొహానెస్‌బర్గు నగరపు వాండరర్స్ మైదానమున హైదరాబాదు జట్టు బెంగుళూరు జట్టును ఎదుర్కొన్న రాత్రి, పక్షము తేల్చుకొనుట మా ఇండ్లలో సులభము కాలేదు. చెన్నై జట్టు అంతకుముందే సెమీఫైనలులో బెంగుళూరు చేతిలో ఓడియుండెను. పిల్లలు ఆ ఓటమికి అలిగి కూర్చుండిరి. పెద్దలు మాత్రము ‘మనవాళ్ళు ఆడుచున్నారు’ అని టెలివిజను ముందు చేరిరి. మనవాళ్ళు అను ఆ ఒక్క మాటయే ఈ వ్యాసమునకు మూలము. ఆ జట్టులో మనవాళ్ళెవరు?

నాయకుడు ఆడమ్ గిల్‌క్రిస్ట్ ఆస్ట్రేలియావాడు. శిక్షకుడు డారెన్ లీమన్ ఆ దేశస్థుడే. ఆండ్రూ సైమండ్స్, ర్యాన్ హారిస్ కూడ ఆ దేశమువారే. హెర్షెల్ గిబ్స్ దక్షిణాఫ్రికావాడు. బౌలరు ఆర్. పి. సింగ్ ఉత్తరప్రదేశమువాడు. విశాఖపట్టణపు వేణుగోపాలరావు, హైదరాబాదు పక్షమున రంజీ ఆడిన సుమన్, ప్రజ్ఞాన్ ఓఝా ఆ జట్టులో ఉండిరి. ఓఝా పుట్టినది ఒడిశాలో. 2008లో జట్టుకు నాయకత్వము వహించిన మన వి. వి. యస్. లక్ష్మణ్ తుది ఆట ఆడిన పదునొకండుగురిలో లేడు. ఇది దూషణ కాదు. వ్యవస్థ యొక్క స్వభావము. 2008లో హైదరాబాదు పేరుగల హక్కును డెక్కన్ క్రానికల్ సంస్థ సుమారు 10 కోట్ల 70 లక్షల డాలర్లకు కొన్నది. ఆటగాండ్రను వేలములో కొన్నారు. ఊరి పేరు ఒకచోటినుండియు, ఆటగాండ్రు వేరొకచోటినుండియు వచ్చిరి. ఆ రెంటిని కలిపి కుట్టిన దారము ధనము.

ఇక కథాగమనమును పరిశీలింతము. అట్టడుగున నున్నవారు ఒక్కమారుగా శిఖరమెక్కిరను కథ జనులకు ప్రియమైనది. అది అసత్యము కాదు, కాని అసంపూర్ణము. చార్జర్స్ మొదటి నాలుగు ఆటలును వరుసగా గెలిచిరి. పిదప తడబడిరి. మొదటి దశ ముగియునప్పటికి 14 ఆటలలో గెలిచినవి 7, ఓడినవి 7. పాయింట్లు 14. పంజాబు జట్టుకును 14 పాయింట్లే. పరుగుల సగటు మెరుగగుటచే చార్జర్స్‌కు నాలుగవ స్థానము దక్కినది. అగ్రస్థానమున నిలిచిన ఢిల్లీకి 20 పాయింట్లు. అనగా నెలదినముల పరీక్షలో సరిగా సగము మార్కులు తెచ్చుకొన్న విద్యార్థి, చివరి రెండు దినములలో బంగారు పతకము గెలుచుకొనెను. ఇట్టి పోటీ పద్ధతిలో న్యాయమెంత, అదృష్టమెంత అని అడుగుట విమర్శకుని విధి. దీర్ఘకాలపు నిలుకడకంటె తుది ఘడియ ధైర్యమునకే ఈ పద్ధతి పట్టము కట్టును. దానిని తెలిసియే ఆనందింపవలెను.

ఈ కథకు కీలు ఎచ్చట నున్నదని మమ్మడిగినచో, తుది ఆటను చూపము. మే 16న కలకత్తా జట్టుతో జరిగిన ఆటను చూపుదుము. చివరి ఓవరులో 21 పరుగులు కావలసియుండెను. బంతి వేయువాడు బంగ్లాదేశపు మష్రఫే మొర్తజా. బ్యాటు పట్టినవాడు అప్పటికి ఇరువది రెండేండ్ల రోహిత్ శర్మ. చివరి బంతిని అతడు సిక్సరుగా మలచి ఆటను గెలిపించెను. ఆ ఒక్క ఆట ఓడియున్నచో 14 పాయింట్లు 12 అయ్యెడివి. పంజాబు, రాజస్థాన్ జట్లు రెండును ముందుకు పోయెడివి. సెమీఫైనలు లేదు, కిరీటము లేదు, ఈ వ్యాసము లేదు. అంతకు పది దినములముందు ముంబయి జట్టుపై ఈ యువకుడే బంతి చేతబట్టి వరుసగా మూడు వికెట్లు తీసెను. రోహిత్ తల్లి విశాఖపట్టణమువారు. ఆ సంగతి తెలిసినప్పుడు మా పెద్దలు పొందిన సంతోషము వర్ణింపనలవి కాదు. మన వాడొకడు దొరికెనను ఆ వెదకులాటలోనే ప్రవాసుల హృదయము బయటపడును.

మే 22న సెంచూరియనులో ఢిల్లీతో జరిగిన సెమీఫైనలు నాయకుని ప్రతాపఘట్టము. ఢిల్లీ చేసిన 153 పరుగులను వెంటాడుచు గిల్‌క్రిస్ట్ 35 బంతులలో 85 పరుగులు చేసెను; మొదటి యేబది 17 బంతులలోనే వచ్చినది. ఇట్టి ఘట్టము పిదప ప్రేక్షకుడు తుది అంకమున నాయకుడే విజృంభించునని ఎదురుచూచును. కాని తుది ఆట మొదటి ఓవరులోనే అనిల్ కుంబ్లే అతనిని సున్నాకు పంపెను. కుంబ్లే 16 పరుగులిచ్చి 4 వికెట్లు తీసి, ఓడిన పక్షమున నుండియు ఆ ఆటకు ఉత్తమ క్రీడాకారుడాయెను. నాటకములో నాయకుడు తుది అంకపు తెర లేచినంతనే రంగము విడిచినచో రచయితను తప్పుపట్టుదుము. ఇచ్చట మాత్రము అదియే గుణమైనది.

ఏలయనగా, ఆ క్షణమునుండి ఆట ఒక్కనిది కాక పలువురిదైనది. గిబ్స్ 48 బంతులాడి 53 పరుగులతో చివరివరకు నిలిచెను. సైమండ్స్ 21 బంతులలో 33 చేసెను. జట్టు చేసినది 143 మాత్రమే. బెంగుళూరు బ్యాటింగునకు వచ్చినప్పుడు ఓఝా 3 వికెట్లు తీసెను. చివరి ఓవరులో వారికి 15 పరుగులు కావలసియుండగా, ఆర్. పి. సింగ్ 8 మాత్రమే ఇచ్చెను. 6 పరుగుల తేడాతో విజయము. ఆ పోటీకాలమున అందరికంటె ఎక్కువగా 23 వికెట్లు తీసినవాడును అతడే. మెరుపులు మెరిపించినవాడు నాయకుడు. 495 పరుగులు చేసి పోటీ మొత్తమునకు ఉత్తముడైనవాడును అతడే. కాని కిరీటమును చేజారకుండ పట్టుకొన్నవారు ఇతరులు. ఈ పోటీకాలపు నిజమైన సౌందర్యము సెమీఫైనలు మెరుపులలో లేదు. తుది ఆటలో, నాయకుడు కూలిన పిదప బెదరని నిబ్బరములో ఉన్నది.

ఇంట ఓడినవారు పరాయిగడ్డపై ఎట్లు గెలిచిరి? లోకసభ ఎన్నికల కారణమున రక్షణ దళములు చాలకపోవుటచే 2009 పోటీ దక్షిణాఫ్రికాకు తరలినది. అచ్చట ఏ జట్టుకును ఇల్లు లేదు, అందరు అతిథులే. హైదరాబాదులో ప్రతి ఓటమికి వేలాది కన్నులు సాక్ష్యము పలికినవి. జొహానెస్‌బర్గులో ఆ బరువు లేదు. ఈ వాదము మాకు ప్రియమైనదే, ఏలయన అది వలస పోయినవారి అనుభవమునకు దగ్గరగా నున్నది. అయినను ప్రియమైన వాదమునే ఎక్కువ అనుమానింపవలెను. అచ్చటి పిచ్చులపై బంతి ఎగయును; ఆ ఎగయు బంతిని ఎరిగిన ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా ఆటగాండ్రు ఈ జట్టున పెక్కుమంది. నాయకత్వము మారినది, శిక్షకుడు మారెను. ఇంటి బరువు లేకపోవుట ఒక కారణము మాత్రమే. అదే మూలకారణమని చెప్పుట అతిశయోక్తి.

పోలికకు మరి రెండు విజయములను తలంతము. 1986-87లో యం. వి. నరసింహారావు నాయకత్వమున హైదరాబాదు జట్టు ఢిల్లీని ఢిల్లీలోనే ఎదిరించి రంజీ ట్రోఫీ గెలిచినది. అంతకు పూర్వము 1950 మొదలు 1954 వరకు హైదరాబాదు పోలీసు ఫుట్‌బాలు జట్టు రోవర్స్ కప్పును వరుసగా ఐదుమారులు గెలిచినది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే 1962లో భారత జట్టు జకార్తా ఏషియా క్రీడలలో స్వర్ణము గెలిచినది. ఆ జట్లు ఆ నేల వీధులలో పుట్టినవి. వానిని ఎవరును కొనలేదు. కనుక ఎవరును అమ్మలేదు.

కొన్నదానికి గతి వేరు. 2010లో తెలంగాణ ఉద్యమ కారణమున విజేతలు హైదరాబాదులో ఒక్క ఆటయైనను ఆడలేదు. నాగపూరు, కటకము, నవీ ముంబయి వారికి ఇండ్లైనవి. 2012లో క్రికెట్ బోర్డు ఒప్పందమును రద్దు చేయగా, విజయము వయస్సు నాలుగేండ్లు నిండకమునుపే ఆ పేరు చెరిగిపోయినది. ఇట్టి విషాదము అమెరికాలోను కలదు. బ్రూక్లిన్ డాడ్జర్స్ అను బేస్‌బాలు జట్టు 1955లో విజేతయై, 1957 ముగియగనే ఊరు విడిచి లాస్ ఏంజిలీస్ చేరినది. అచ్చట ఊరు పోయి జట్టు మిగిలినది. ఇచ్చట జట్టు పోయి ఊరు మిగిలినది.

హైదరాబాదు హక్కును పిదప చెన్నపట్టణపు సన్ టీవీ సంస్థ కొన్నది. సన్‌రైజర్స్ పేరిట ఆ జట్టు 2016 మే 29న బెంగుళూరులో బెంగుళూరునే 8 పరుగుల తేడాతో ఓడించి విజేతయైనది. మా పొరుగు సేలం జిల్లా చిన్నప్పంపట్టి గ్రామపు నటరాజన్ ఆ జట్టు పక్షమున 2020లో యార్కర్లు వేసి, ఆ యేడే భారత జట్టున చేరెను. తెలుగు ఊరి పేరు, తమిళ యజమాని, తమిళ పల్లె బౌలరు! నాడు హైదరాబాదు పక్షము వహించిన మా పెద్దలును, చెన్నైకి అలిగిన మా పిల్లలును ఈ నటరాజన్‌ను చూచునప్పుడు ఒకే పక్షమువారైరి. మనవాళ్ళు అను మాట రక్తముచేతనే కాక పొరుగుచేతను ఏర్పడునని మాకు అప్పుడు తెలిసినది.

మా ధర్మపురి ప్రాచీన నామము తగడూరు. దానిని ఏలిన అదియమాన్, ఆయుష్షు పెంచు అరుదైన ఉసిరికాయ తనకు దొరకగా, తాను తినక కవయిత్రి అవ్వైయారుకు ఇచ్చెనని తమిళులు నేటికిని చెప్పుకొందురు. పోషకునికి, యజమానికి భేదమిదియే. పోషకుడు తాను పోయిన పిదప నిలుచుదానికి ఇచ్చును; యజమాని తనకు మిగులుదానిని కొనును. డెక్కన్ చార్జర్స్‌కు యజమాని దొరికెను, పోషకుడు దొరకలేదు. కావున ఆ విజయము రుచిగలదే గాని ఆయుష్షు లేనిదైనది.

అయినను మేము దానిని త్రోసివేయము. ఆ రాత్రి ‘మనవాళ్ళు’ అని కేక వేసిన పెద్దలకు ఆ జట్టు ఏమియు ఋణపడలేదు, వారు దానిని కొనలేదు, అది వారిని ఎరుగదు. ఏ పత్రము లేకుండ, ఏ వేలము లేకుండ, భాష పేరిట పెట్టుకొన్న ప్రేమ అది. జట్టు పోయినను ఆ ప్రేమ మా ఇండ్లలో ఉన్నది. దానికి తగిన పాత్రను వెదకుట, అనగా మన పిల్లలకు మైదానమును, శిక్షకుని, ఓర్పును సమకూర్చుట, మన సంఘముల పని. ఇంట గెలుచుట అచ్చటనే ఆరంభమగును.