భాగం - 7: ‘వైద్యుడు లేని చోట’ – ఒక శిక్షణ గ్రంథంపై విమర్శ

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• ‘వైద్యుడు లేని చోట’ గ్రంథం ఎలా పుట్టిందో, దాని బలమేమిటో చెప్పగలుగుతారు.
• ఆరోగ్య కార్యకర్తల శిక్షణకూ ఆరోగ్య వ్యవస్థకూ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
• ఆ గ్రంథాన్ని మీ ఊరి అనుభవంతో పోల్చి విమర్శించగలుగుతారు.

7.1 పరిచయం

కథనూ కవితనూ విమర్శించడం గత భాగాల్లో నేర్చుకున్నారు. ఒక ఆరోగ్య గ్రంథాన్ని కూడా అలాగే విమర్శించవచ్చా? తప్పకుండా విమర్శించవచ్చు. ప్రతి శిక్షణ గ్రంథం తన పాఠకుణ్ణి ఒక విధంగా ఊహించుకుంటుంది. అతనికి ఏం తెలుసు, ఏం చేయగలడు, ఎంతవరకు నమ్మవచ్చు అనే విషయాలపై దానికి ఒక అభిప్రాయం ఉంటుంది. ఆ అభిప్రాయాన్ని వెలికి తీసి పరీక్షించడమే విమర్శకుని పని.

మన పరీక్షకు ఉరవకొండను తీసుకుందాం. అనంతపురానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, మగ్గాలకు పేరుపడిన ఊరు ఇది. చుట్టూ వానకు ఎదురుచూసే వేరుశెనగ చేలు. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. కరువు ఏళ్లలో ఇక్కడి కుటుంబాలు బెంగళూరు వైపు కూలికి వలస పోతాయి. ఇలాంటి చోట ఆ గ్రంథం ఎంతవరకు నిలబడుతుంది?

7.2 గ్రంథ నేపథ్యం

రచయిత డేవిడ్ వెర్నర్ వైద్యుడు కాదు, జీవశాస్త్రం చదివినవాడు. పశ్చిమ మెక్సికో కొండల్లోని అహోయా అనే పల్లెలో గ్రామస్థులతో కలిసి పనిచేస్తూ ఈ పుస్తకాన్ని మొదట స్పానిష్‌లో రాశాడు. అది 1973లో, ఇంగ్లీషు కూర్పు 1977లో వెలువడ్డాయి. భారతీయ పరిస్థితులకు తగినట్టు వాలంటరీ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఒక కూర్పును తెచ్చింది. తెలుగులో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. పోర్చుగీసు మాట్లాడే బ్రెజిల్, మొజాంబిక్ దేశాలకు కూడా ఈ పుస్తకం చేరింది.

ఆ కాలాన్ని గుర్తుంచుకోండి. 1978లో ఆల్మా-ఆటా సదస్సు ప్రాథమిక ఆరోగ్య సంరక్షణ అందరికీ అందాలని ప్రకటించింది. డాక్టర్ల కోసం ఎదురుచూడకుండా పల్లె మనుషులకే శిక్షణ ఇవ్వాలన్న ఆలోచన అనేక దేశాల్లో అప్పుడు బలంగా ఉంది.

7.3 గ్రంథ బలం: నమ్మకం

ఒక సందర్భం ఊహించుకోండి. ఉరవకొండ దగ్గర ఒక పల్లె. మే నెల మధ్యాహ్నం. ఏడాది బిడ్డకు విరేచనాలు. నీళ్లు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయని అవ్వ అంటుంది. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయిస్తే తగ్గుతుందని పక్కింటావిడ అంటుంది. తల్లి ఎవరి మాట వినాలి?

ఈ పుస్తకం చదివిన కార్యకర్తకు జవాబు తెలుసు. ప్రాణం తీసేది చాలాసార్లు విరేచనం కాదు, ఒంట్లో నీరు తగ్గిపోవడం. కళ్లు లోతుకు పోయాయా, చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకుంటుందా అని చూడాలి. ఉప్పు, చక్కెర సరైన పాళ్లలో కలిపిన నీరు కొద్దికొద్దిగా తాగించాలి. తల్లిపాలు ఆపకూడదు. సూది అవసరం లేదు. ఇవన్నీ బొమ్మల సాయంతో, తక్కువ చదువున్నవారికి కూడా అర్థమయ్యేలా చెప్పడం ఈ గ్రంథం సాధించిన గొప్ప విజయం.

ఇంకో సుగుణం ఉంది. ఇది ఇంటి వైద్యాలను, నమ్మకాలను ఎగతాళి చేయదు. ఏది మేలు చేస్తుంది, ఏది హాని చేస్తుంది, ఏది చేసినా చేయకపోయినా ఒకటే అని విడదీసి చూపుతుంది. అనవసరమైన సూదుల గురించి గట్టిగా హెచ్చరిస్తుంది. నీరసమంటే చాలు గ్లూకోజు సీసా ఎక్కించమని అడిగే మన పల్లెలకు ఈ హెచ్చరిక నేటికీ అవసరమే. రచయిత తన పాఠకుణ్ణి ఆలోచించగల మనిషిగా గౌరవించాడు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి
1. ఇంటి వైద్యాల పట్ల ఈ గ్రంథం వైఖరి ఏమిటి? మూడు వాక్యాల్లో రాయండి.

7.4 గ్రంథ పరిమితి: వెనుక ఎవరున్నారు?

ఇప్పుడు అదే బిడ్డ రాత్రికి నీరు కూడా తాగలేని స్థితికి వచ్చిందనుకోండి. వెంటనే వైద్య సహాయం పొందమని పుస్తకం చెబుతుంది. సలహా సరైనదే. కాని ఆ రాత్రి బండి ఎవరు తెస్తారు? ఆసుపత్రిలో డాక్టరు ఉంటాడా? మరునాటి కూలి పోతే ఇల్లు ఎలా గడుస్తుంది? ఈ ప్రశ్నలకు ఏ పుస్తకమూ జవాబు చెప్పలేదు. అది రచయిత తప్పు కాదు. పుస్తకం చేతికిచ్చి, నాలుగు వారాలు శిక్షణ ఇస్తే చాలుననుకున్నవారిది తప్పు.

చరిత్రే దీనికి సాక్ష్యం. మన దేశంలో 1977 అక్టోబరు 2న గ్రామ ఆరోగ్య కార్యకర్తల పథకం మొదలైంది. మూడు నెలల శిక్షణ, నెలకు 50 రూపాయల గౌరవ వేతనం. మందుల సరఫరా, పర్యవేక్షణ బలహీనపడటంతో పథకం క్రమంగా కుంగిపోయింది. మొజాంబిక్‌లోనూ దాదాపు ఇదే జరిగింది. 1975లో స్వాతంత్ర్యం వచ్చాక పోర్చుగీసు డాక్టర్లలో అత్యధికులు వెళ్లిపోయారు. 1978లో ఆ ప్రభుత్వం పల్లె కార్యకర్తలకు శిక్షణ మొదలుపెట్టింది. అంతర్యుద్ధం, ఆదరణ లేమి దాన్ని దెబ్బతీశాయి. 2010లో మళ్లీ నిలబెట్టవలసి వచ్చింది. రెండు చోట్లా నేర్చుకున్నవారు పల్లెల్లోనే ఉన్నారు. వారి వెనుక నిలవవలసిన మందులు, పర్యవేక్షణ, ఆసుపత్రి నిలవలేదు.

అనంతపురం జిల్లాలోనే దీనికి భిన్నమైన ఉదాహరణ ఉంది. 1969 నుంచి ఇక్కడ పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలను తయారుచేయడంతో ఆగలేదు. బత్తలపల్లి, కళ్యాణదుర్గంలలో ఆసుపత్రులు కట్టింది. కార్యకర్త పంపిన రోగికి చేరుకునే చోటు ఒకటి ఉంది.

మరొక పరిమితి ఫ్లోరోసిస్ దగ్గర కనిపిస్తుంది. మన దేశంలో ఈ వ్యాధిని 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. అనంతపురం జిల్లాలోనూ అనేక గ్రామాల బోరు నీటిలో ఫ్లోరైడ్ హద్దు మించి ఉంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు బిగుసుకుపోతాయి. వంగిపోయిన ఎముకలను నిటారు చేసే మందు లేదు. దారి ఒక్కటే: నీటిని మార్చడం. రోగలక్షణం, దానికి చికిత్స అనే వరుసలో సాగే పుస్తకం ఇక్కడ ఆగిపోతుంది. పేదరికమే రోగమూలమని వెర్నర్‌కు తెలియక కాదు. 1982లో బిల్ బోవర్‌తో కలిసి కార్యకర్తల శిక్షకుల కోసం రాసిన రెండో గ్రంథంలో ‘ఎందుకు?’ అని వరుసగా అడుగుతూ పోయే పద్ధతిని నేర్పాడు. మొదటి పుస్తకాన్ని రెండోదానితో కలిపి చదివితేనే న్యాయం జరుగుతుంది.

7.5 నేటి ఆశా శిక్షణతో పోలిక

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తలు వచ్చారు. తొలి ఏడాది 23 రోజుల శిక్షణ. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వెళ్లి చూడాలి. బరువు తూచాలి, శ్వాస లెక్కించాలి. నిమిషానికి 60 లేక అంతకు మించితే ఆసుపత్రికి పంపాలి. ఫోను చేస్తే వచ్చే 108 వాహనం కూడా 2005లోనే మొదలైంది. వెర్నర్ కార్యకర్తకు లేని వ్యవస్థ ఈమె వెనుక కొంతైనా ఉంది.

అయితే ఆమె రోజులో ఎక్కువ భాగం దేనికి పోతున్నదో గమనించండి: రిజిస్టర్లు, ఫోనులో వివరాల నమోదు, సర్వేలు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలను పురస్కారంతో గౌరవించింది. అయినా ఆమె మన లెక్కల్లో ఉద్యోగి కాదు, స్వచ్ఛంద కార్యకర్త. నాటి పుస్తకంలో కార్యకర్తపై నమ్మకం ఉంది, వెనుక వ్యవస్థ లేదు. నేడు వ్యవస్థ ఉంది, ‘ఎందుకు?’ అని అడిగే చోటు తగ్గింది.

7.6 సారాంశం

‘వైద్యుడు లేని చోట’ మంచి గ్రంథం. జ్ఞానం డాక్టర్ల సొత్తు కాదని నిరూపించింది. కాని శిక్షణ ఒక్కటే ఆరోగ్య వ్యవస్థ కాలేదు. నేర్పడం, నమ్మడం, వెనుక నిలబడటం మూడూ కలిసినప్పుడే కార్యకర్త పని ఫలిస్తుంది. ఈ పాఠం చదువుతున్న మీలో కొందరు ఆశాలు, అంగన్‌వాడీ కార్యకర్తలు ఉండవచ్చు. మీ అనుభవం ఈ విమర్శకు మించిన ఆధారం. దానితో ఈ భాగాన్ని కూడా పరీక్షించండి.

7.7 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. ‘వైద్యుడు లేని చోట’ గ్రంథ బలాలను, పరిమితులను సోదాహరణంగా చర్చించండి.

II. 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. 1977 నాటి పథకం కుంగిపోవడానికి కారణాలేమిటి?
2. ఫ్లోరోసిస్ ఉదాహరణ ద్వారా ఈ భాగం ఏ వాదాన్ని బలపరిచింది?

III. అభ్యాసం
మీ ఊరి ఆశా కార్యకర్తతో మాట్లాడండి. శిక్షణలో నేర్చుకున్నదానిలో ఏది ఆచరించగలుగుతున్నారో, ఏది ఎందుకు ఆచరించలేకపోతున్నారో తెలుసుకుని ఒక పేజీ రాయండి.