శివారు ఎకరం లెక్క

ప్రకాశం బ్యారేజీ దగ్గర నిలిచేది 3 టీఎంసీల పైచిలుకు. దాని కింద ఆయకట్టు 13 లక్షల ఎకరాలు. 11,500 క్యూసెక్కుల చొప్పున కాలువలకు వదిలితే రోజుకో టీఎంసీ ఖాళీ. పైనుంచి రాకపోతే మూడు రోజుల మాట. క్లాసులో ఆప్టిమైజేషన్ పాఠం ఏటా ఈ లెక్కతోనే మొదలుపెడతాను.

ఉన్న నీటితో పంట ఎక్కువ పండాలంటే ఏ కాలువకు ఎంత వదలాలి? 1947లో జార్జ్ డాంట్జిగ్ కనిపెట్టిన సింప్లెక్స్ పద్ధతికి ఇది చిటికెలో పని. పరిమితులు గీసిన హద్దుల వెంట మూల నుంచి మూలకు నడుస్తుంది. దిగుబడి ఇక పెరగని మూలలో ఆగుతుంది.

మొదటిసారి ఈ లెక్క కట్టినప్పుడు, కాలువలో కిలోమీటరుకింత ఇంకిపోతుందని కూడా రాశాను. జవాబు చూసి కడుపులో దేవినట్టయింది. ఎగువ భూములకు నిండుగా, నాగాయలంక, కోడూరు వైపు సున్నా. ప్రోగ్రాంలో తప్పేమీ లేదు. దారిలో ఇంకిపోయే నీటిని అంత దూరం పంపేకన్నా తూము పక్కనే వాడితే మొత్తం పంట పెరుగుతుంది. నేనడిగిందీ అదే. ఆ సున్నాలో మా మేనమామ పొలం ఉంది. "తూము దగ్గర మోకాల్లోతు, ఇక్కడికొచ్చేసరికి పాదం తడవదు అల్లుడూ" అని బోదె గట్టు మీద నిలబడి ఆయన ఎన్నిసార్లన్నాడో.

ఆ రాత్రే ఒక వరుస చేర్చాను: శివారు ఎకరానికి కనీసం ఇంత నీరు అందాలి. మొత్తం దిగుబడి తగ్గింది. ఆ కనీసాన్ని ఇంకొంచెం పెంచితే ఎన్ని బస్తాలు తగ్గుతాయో చెప్పే అంకె కూడా ఈ పద్ధతిలోనే వస్తుంది, డ్యూయల్ విలువ అంటాం. శివారు కోసం డెల్టా అంతా కలిసి ఎంత వదులుకోవాలో బస్తాల్లో కనబడేది అక్కడే. ఇంజనీర్లూ రైతులూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవలసింది ఆ అంకె గురించే.

ఇంకొకటి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన కట్టా గోపాలకృష్ణ మూర్తి గారు 1968లో, పనుల కేటాయింపుల్లో అన్నిటికన్నా మేలైనదే కాక రెండోది, మూడోది కూడా వరసగా తీసే పద్ధతి ఇచ్చారు. రాడార్‌లో ఏ చుక్క ఏ విమానానిదో తేల్చడానికి ఇప్పటికీ దాన్ని వాడతారు. నేను మాత్రం ఎనిమిది తూములకు ఎనిమిది మంది లస్కర్లను పంచమంటాను, అందరి నడకా కలిపి తక్కువ అయ్యేలా. మొదటి జాబితాలో చివరి తూము రాత్రి కాపలా పడిన లస్కరు కూతురికి ఆ వారమే పురుడు అనుకోండి. ఆ సంగతి ఏ సమీకరణంలోనూ లేదు. రెండో జాబితాలో ఆయనకు ఇంటి పక్క తూమే పడింది, మొత్తం నడక నాలుగు కిలోమీటర్లు ఎక్కువ. ఈ ఏడాది పిల్లలు మొదటి జాబితా కొట్టేసి రెండోది రాసిచ్చారు.