సర్వర్ అద్దె ఒకటే చూస్తే చాలదు

డెడికేటెడ్ సర్వర్ వదిలి క్లౌడ్‌కు మారాలనుకునేవాళ్లు ముందుగా గంటకు ఎంత అని అడుగుతారు. బయటికి వెళ్లే డేటాకు ఎంత అని అడగడం అంతకన్నా ముఖ్యం. అమెజాన్, డిజిటల్‌ఓషన్, హెట్జ్‌నర్ అనే క్లౌడ్ కంపెనీల అసలు తేడా అక్కడే బయటపడుతుంది.

అమెజాన్ వర్జీనియా కేంద్రంలో నెలకు మొదటి 100 జీబీ ఉచితం, ఆపైన జీబీకి 9 సెంట్లు. 10 టీబీ పంపితే సర్వర్ అద్దె కాక సుమారు 900 డాలర్లు. డిజిటల్‌ఓషన్ ప్లాన్‌తోపాటే కొంత కోటా ఇస్తుంది, అది దాటితే జీబీకి ఒక సెంటు. జర్మనీ కంపెనీ హెట్జ్‌నర్ అయితే ఐరోపాలో చిన్న క్లౌడ్ సర్వర్‌కు కూడా నెలకు 20 టీబీ కలిపే ఇస్తుంది. వీడియోలు పంచే చిన్న సంస్థను డేటా ఖర్చు అనే ఈ ఒక్క పద్దే ముంచగలదు.

అలాగని అమెజాన్‌ను కొట్టిపారేయలేం. ఇంటర్ ఫలితాలు చూపే సైటునే తీసుకోండి. ఏడాదిలో ఒకటి రెండు పూటలు జనం ఒక్కసారిగా వచ్చిపడతారు, మిగతా రోజులు ఖాళీ. ఆ పూట కోసం ఏడాదంతా పెద్ద సర్వర్లకు అద్దె కట్టడం వృథా. రద్దీని బట్టి సర్వర్లను వాటంతటవే పెంచి తగ్గించే ఏర్పాటు అమెజాన్‌లో 2009 నుంచీ ఉంది, బాగా నలిగింది. డిజిటల్‌ఓషన్ చాలా ఏళ్ల తర్వాత తెచ్చింది. హెట్జ్‌నర్‌లో ఆ పని మనమే చేసుకోవాలి.

దూరం సంగతి కూడా ఉంది. అమెజాన్ 2016లో ముంబైకి, 2022లో హైదరాబాద్‌కు వచ్చింది. డిజిటల్‌ఓషన్‌కు బెంగళూరులో కేంద్రం ఉంది. హెట్జ్‌నర్‌కు మనకు దగ్గరిది సింగపూర్, అక్కడ డేటా కోటా చాలా తక్కువ. కాబట్టి తెలుగు పాఠకుల సైటుకు నా ఓటు డిజిటల్‌ఓషన్‌కే. బిల్లు ముందుగానే అంచనాకు అందుతుంది, పేజీ త్వరగా తెరుచుకుంటుంది.

రోజూ ఒకే తీరుగా పనిచేసే పెద్ద డేటాబేస్‌కు మాత్రం ఈ మూడు క్లౌడ్‌లలో ఏదీ నాకు నచ్చదు. చవక ప్లాన్లలో ప్రాసెసర్‌ను పక్కవాళ్లతో పంచుకోవాలి, వాళ్ల పని పెరిగితే మన క్వెరీలు నెమ్మదిస్తాయి. పంచుకోనివి కావాలంటే ధర ఎక్కువ. బేస్‌క్యాంప్ నడిపే 37సిగ్నల్స్ 2022లో క్లౌడ్‌కు దాదాపు 32 లక్షల డాలర్లు కట్టి, విసిగి, సొంత సర్వర్లు కొనుక్కుని 2023లో తన అప్లికేషన్లను వాటిమీదకు తెచ్చుకుంది. దాని పనిభారం నిలకడైనది, నడిపే మనుషులూ ఉన్నారు. ఈ రెండూ లేనివాళ్లు దాన్ని అనుకరించకూడదు.

ఎవరిని ఎంచుకున్నా బ్యాకప్ మాత్రం వేరే కంపెనీ దగ్గర, వేరే ఊళ్లో ఉంచాలి. 2021 మార్చి 10న స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్ తగలబడినప్పుడు, బ్యాకప్‌నూ అక్కడే ఉంచుకున్నవాళ్లకు తిరిగి తెచ్చుకోవడానికి ఏమీ మిగల్లేదు.